శాలువా కప్పితే తీరే రుణమేనా?

వేసవి సెలవులు వచ్చినా, దసరాకు అందరూ ఊళ్లకు చేరినా ఉత్తర తెలంగాణలోని పాత సర్కారు బడులు ఒక్కరోజు కొత్త కళను సంతరించుకుంటాయి. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, మంథని, నిర్మల్, ఆసిఫాబాద్, ఆదిలాబాద్... ఏ ఊరి ఉన్నత పాఠశాల గేటు మీద చూసినా 'పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం' అన్న ఫ్లెక్సీ కనిపిస్తుంది. నెరిసిన జుట్లతో వచ్చిన శిష్యులు తాము కూర్చున్న గదిని వెతుక్కుంటారు. నడవలేని సార్లను చేయిపట్టి వేదిక ఎక్కిస్తారు. శాలువా కప్పుతారు, కాళ్లకు మొక్కుతారు. లెక్కల సారు బెత్తం, తెలుగు సారు పద్యం, డ్రిల్లు సారు ఈల గుర్తు చేసుకొని నవ్వుకుంటారు, కన్నీళ్లు పెట్టుకుంటారు. ఇందులో ఎగతాళి చేయదగినది ఏమీ లేదు. చదువు చెప్పిన మనిషిని నలభై ఏళ్ల తర్వాత కూడా తలచుకునే సమాజం మంచి సమాజమే.

అయితే ఈ సభల్లో దాదాపు ప్రతిసారీ వినిపించే ఒక మాట ఉంది: 'మా రోజుల్లో బడిలో కులం అంటే ఏమిటో తెలియదు'. ఈ మాట ఎవరి నోట వస్తున్నదో గమనించాలి. కులం వల్ల ఏనాడూ దేనికీ దూరం కానివారికి కులం తెలియకపోవడం సహజమే. అదే బెంచీ మీద, అదే సారు ముందు కూర్చున్న మరొకరికి ఆ గదిలో మొట్టమొదట తెలిసింది కులమే కావచ్చు. సార్ల యాదికి సైతం కులం ఉంటుంది. దానిని గుర్తించకుండా రాసే బడి చరిత్ర సగం చరిత్రే.

ముందుగా, ఈ పాత బాలుర పాఠశాలల్లోకి ఎవరు రాగలిగారన్నది చూడాలి. నిజాం రాజ్యంలో ఉన్నత విద్య ఉర్దూలో సాగింది. హనుమాజీపేట రైతు బిడ్డ సి. నారాయణరెడ్డి సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మాధ్యమంలోనే చదివి, తర్వాత తెలుగు కవిగా జ్ఞానపీఠ పురస్కారం దాకా వెళ్లారు. తల్లి భాష కాని భాషలో చదవాల్సి రావడం ఆ తరానికి మొదటి గడప. కానీ ఆ గడప దాకా రావడానికే అంతకు ముందు మరెన్నో గడపలు దాటాలి. తాలూకా కేంద్రంలో ఉండటానికి చోటు, తిండి, ఏడాదంతా పిల్లవాడి చేతిపని లేకున్నా నడిచే ఇల్లు కావాలి. భూమి ఉన్న ఇంటి బిడ్డకు, పట్వారీ ఇంటి బిడ్డకు, సర్కారు కొలువున్న ఇంటి బిడ్డకు అవి ఉన్నాయి. దొర దగ్గర తండ్రి వెట్టి చేస్తుంటే, అన్న జీతం ఉంటే, తానే పశువుల వెంట పోతుంటే ఆ పిల్లవాడికి బడి గంట దూరం నుంచి వినిపించే శబ్దం మాత్రమే. ఇక 'బాలుర' అన్న మాటే ఊరి జనాభాలో సగాన్ని గేటు బయట నిలబెట్టింది.

ఆ దూరం ఎంతటిదో తెలియాలంటే వై.బి. సత్యనారాయణ రాసిన 'మా నాయన బాలయ్య' చదవాలి. కరీంనగర్ జిల్లా వంగపల్లికి చెందిన మాదిగ కుటుంబం కథ అది. ఆ ఇంటి పూర్వీకుడు కుట్టిన చెప్పులకు మెచ్చి నిజాం 50 ఎకరాలు ఇనాంగా ఇస్తే, దొర రెండెకరాలు వదిలి మిగతాది తన కిందే ఉంచుకున్నాడు. తర్వాతి తరం ఊరు విడిచి రైల్వే పనిలో చేరింది. చిన్న రైల్వే కొలువు చేస్తూ బాలయ్య తన పిల్లలను చదివించాడు. వారిలో ఒకరు రసాయనశాస్త్ర అధ్యాపకుడై, కళాశాల ప్రిన్సిపాల్ అయి ఈ పుస్తకం రాశారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఈ కుటుంబానికి చదువు ఊళ్లో ఉంటే దక్కలేదు, ఊరు విడిస్తేనే దక్కింది. సొంత ఊరి బడి గురించి తీపి జ్ఞాపకం చెప్పుకునే అవకాశం కూడా అందరికీ సమానంగా పంచిన ఆస్తి కాదు.

తర్వాతి కాలంలో బడిలోకి రాగలిగిన బహుజన బిడ్డల యాదిలో సారు మూడు చోట్ల కనిపిస్తాడు. మొదటిది దాఖలా రిజిస్టర్ దగ్గర. ఇంట్లో మల్లిగాడు, ఎంకటి, పోశిగాడు అని పిలిచే పిల్లవాడికి మల్లయ్య, వెంకటేశం, పోశెట్టి అని నిండు పేరు రాసింది సారే. పుట్టిన తేదీ తల్లికి తెలియదు. ఏ వానకు, ఏ కరువుకు పుట్టాడో మాత్రమే తెలుసు. సారు పిల్లవాడిని ఎగాదిగా చూసి ఏదో ఒక ఒకటో తారీఖు వేశాడు. ఆ తారీఖే తర్వాత ఎస్సెస్సీ మెమో మీదికి, కొలువు కాగితాల మీదికి ఎక్కి, పదవీ విరమణ రోజును కూడా నిర్ణయించింది. కొందరు సార్లు ఆ కలంతోనే మనిషికి గౌరవం ఇచ్చారు. 'అయ్య' చేర్చి రాశారు, కులం గడి సరిగా నింపి రేపటి స్కాలర్‌షిప్‌కు దారి వేశారు. మరికొందరు వాడుక పేరునే వెక్కిరింతగా రిజిస్టర్‌కు ఎక్కించి, ఆ పిల్లవాడు జీవితమంతా హాజరు పలికిన ప్రతిసారీ తల దించుకునేలా చేశారు. ఒక్క గీతతో ఒక మనిషి జీవితంలో ఇంతటి తేడా తెచ్చే అధికారం ఊళ్లో దొర తర్వాత బడిపంతులుకే ఉండేది.

రెండవది కూర్చునే చోటు, తాగే నీళ్లు. డాక్టర్ అంబేద్కర్ బాల్యంలో గోనెపట్టా ఇంటి నుంచి తెచ్చుకొని తరగతిలో విడిగా కూర్చున్నారు. బడి నౌకరు పైనుంచి పోస్తే తప్ప నీళ్లు తాగే వీలు లేదు. నౌకరు రాని రోజు నీళ్లు లేవు. ఆయనే రాసిన అనుభవమిది. దీన్ని ఎక్కడో మరాఠా దేశంలో జరిగిన పాత సంగతిగా చదివే వీలు మనకు లేదు. దోసిలి పట్టి నీళ్లు తాగిన తరం మన పల్లెల్లో ఇంకా బతికే ఉంది. గ్లాసు పోయి కుళాయి వచ్చింది. ఆ తర్వాత మధ్యాహ్న భోజనం వచ్చింది. దానితోపాటు వంట ఎవరు చేయాలన్న ప్రశ్న వచ్చింది. పాత్ర మారినా ప్రశ్న పాతదే.

మూడవది మాట. దెబ్బలను పూర్వ విద్యార్థులందరూ నవ్వుతూనే గుర్తు చేసుకుంటారు. గోడకుర్చీ, బెత్తం, తొడపాశం అందరికీ సమానంగా పడ్డాయనుకుందాం. కానీ ఒక పిల్లవాణ్ని 'లెక్క రాలేదేమిరా' అని కొట్టడానికీ, మరొకణ్ని 'నీకెందుకురా సదువు, పోయి మీ కులం పని చేసుకో' అని కొట్టడానికీ పోలిక లేదు. మొదటి దెబ్బ సాయంత్రానికి మానిపోతుంది. రెండవదానిలో తండ్రి, తాత, వాడ అందరికీ కలిపి పడింది. సమ్మేళనంలో మైకు ముందు దాన్ని ఎవరూ చెప్పరు. శాలువా కప్పుకున్న వృద్ధుడి ముందు చెప్పడం మర్యాద కాదని ఊరుకుంటారు. ఆ మౌనాన్నే మనం 'కులం లేని కాలం' అని చదువుకుంటున్నాం.

దీనికి మరోవైపు కూడా ఉంది, అదీ అంతే నిజం. వాడకు నడిచివెళ్లి, జీతం ఉన్న పిల్లవాడి తండ్రితో మాట్లాడి, దొరను ఒప్పించి బడికి తెచ్చిన సార్లు ఉన్నారు. పరీక్ష ఫీజు తమ జేబులోంచి కట్టినవారు, కిరాయి గదిలో లాంతరు వెలుగులో రాత్రి చదువు చెప్పినవారు, హాస్టల్ వార్డెన్‌కు చీటీ రాసి పంపినవారు ఉన్నారు. వారిలో అన్ని కులాలవారూ, ముస్లిం ఉపాధ్యాయులూ ఉన్నారు. అంబేద్కర్ జీవితంలోనూ అటువంటి వ్యక్తి ఒకరున్నారు. మెట్రిక్ పాసైన ఆ విద్యార్థికి తాను రాసిన బుద్ధుని చరిత్రను కానుకగా ఇచ్చి, బరోడా మహారాజు సాయం అందేలా చూసిన ఉపాధ్యాయుడు కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్. ఆ పుస్తకం ఇచ్చిన నాటి నుంచి 1956 ధమ్మదీక్ష దాకా సాగిన దారిని తలచుకుంటే ఒక ఉపాధ్యాయుని చేతి విలువ తెలుస్తుంది.

అయినా ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మంచి సారు కథను మాత్రమే చెప్పుకుంటే చదువు దయగా మారుతుంది. దయ పొందినవాడు జీవితాంతం రుణగ్రస్తుడు. హక్కు పొందినవాడు పౌరుడు. వాడ నుంచి పిల్లవాడిని తెచ్చిన సారు గొప్పవాడే. కానీ ఆ పిల్లవాడు తాలూకా కేంద్రంలో నిలబడి చదవగలిగింది అక్కడొక సాంఘిక సంక్షేమ హాస్టల్ ఉన్నందుకు. ఆ హాస్టల్ ఉన్నది రాజ్యాంగం ఉన్నందుకు. అనంతరామన్ కమిషన్ 1970లో నివేదిక ఇచ్చాక వెనుకబడిన తరగతులకు 25 శాతం రిజర్వేషన్లు అమలు కావడం వల్లనే చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల, సాలె ఇళ్ల నుంచి ఉపాధ్యాయులు, గుమస్తాలు, ఇంజినీర్లు రాగలిగారు. ట్రంకుపెట్టె, స్టీలు పళ్లెం పట్టుకొని హాస్టల్‌లో దిగిన పిల్లవాడికి సారు మంచితనం తోడైంది. హాస్టలే లేకుంటే ఆ మంచితనం ఒక పూట సానుభూతిగా మిగిలేది. మన సన్మాన పత్రాల్లో వ్యక్తుల త్యాగం నిండుగా ఉంటుంది. ఈ హక్కుల చరిత్రకు ఒక్క వాక్యం కూడా దక్కదు.

అసలు ఎవరు పంతులు కావాలన్న ప్రశ్నను జ్యోతిరావు ఫూలే 1882లోనే హంటర్ కమిషన్ ముందు పెట్టారు. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు దాదాపు అందరూ బ్రాహ్మణులే ఉంటున్నారని, సేద్యం చేసే కులాల నుంచి, ఆ పిల్లలతో కలిసిపోయి అవసరమైతే నాగలి పట్టగలవారిని తయారు చేయాలని ఆయన కోరారు. పాఠం ఎంత ముఖ్యమో చెప్పే మనిషి అంతే ముఖ్యమని ఆయనకు తెలుసు.

ఆ ఆలోచనకు దగ్గరి ప్రయోగం ఒకటి మన ఆదిలాబాద్ అడవుల్లో జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిని తెలుసుకోవాల్సి వచ్చింది. మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ ఆ పనిమీద వచ్చి మార్లవాయిలో ఉన్నారు. 1943లో అక్కడ ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. గోండు యువకులకే శిక్షణ ఇచ్చి గోండు గూడేలకు పంతుళ్లుగా పంపారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేశారు. అప్పటిదాకా గూడెంలోకి వచ్చిన చదువుకున్న మనిషి అంటే పట్టా అడిగే గిర్దావరు, చెట్టు కొట్టావని పట్టుకునే జంగ్లాత్ జవాను, అప్పు రాసుకునే షావుకారు. మొదటిసారి ఆ చదువుకున్న మనిషి తమ బంధువే అయ్యాడు, తమ భాషే మాట్లాడాడు. పట్టా కాగితంలో ఏమి రాసి ఉందో చదివి చెప్పగలిగాడు. భూమి పోవడానికీ నిలవడానికీ మధ్య ఆ చదువు నిలబడింది.

ఆ తర్వాత ఏమైంది? పాలనలు మారాయి, రాష్ట్రాలు మారాయి, బడి భాష తెలుగు అయింది. గోండి రాని సారు, తెలుగు రాని పిల్లవాడు ఒకే గదిలో ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్న తరాలు గడిచాయి. ఆ పిల్లవాడిని రిజిస్టర్ 'చదువులో వెనుకబడినవాడు' అని రాసుకున్నది. భాష రాని సారును ఎవరూ వెనుకబడినవాడని రాయలేదు. భాషలు దూరం కాకుండా వంతెన కాగలవని చూపినవారూ ఇదే జిల్లాలో ఉన్నారు. దహెగాం ప్రాంతపు తెలుగుపల్లెలో 1928లో పుట్టి ఉపాధ్యాయుడిగా పనిచేసిన సామల సదాశివ ఉర్దూ, హిందుస్తానీ సంగీతం, తెలుగు కలిసిన లోకాన్ని 'యాది' అన్న తెలంగాణ మాట కిందే పుస్తకంగా నిలిపారు. ఒక సారు తానే కలం పట్టి రాసుకున్న యాది అది. కానీ గూడెంలో పనిచేసిన తొలితరం గోండు పంతుళ్ల యాదిని ఎవరు రాశారు? వారి శిష్యులకు ఫ్లెక్సీ కట్టే స్తోమత ఎప్పుడు వచ్చింది?

1970ల తర్వాత బహుజన కులాల నుంచి వచ్చిన సార్లతో మన బడి లోపల ఒక నిశ్శబ్ద మార్పు జరిగింది. ఏ వాడలో తండ్రిని ఊరు 'ఒరే' అని పిలిచిందో, ఆ వాడ నుంచి వచ్చిన కొడుకును దొర మనుమడు సైతం లేచి నిలబడి 'సార్' అనాల్సి వచ్చింది. పిలుపులో వచ్చిన ఈ మార్పును తక్కువగా చూడవద్దు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రలో నడిచిన రైతుకూలీలు అడిగింది కూలి, భూమి మాత్రమే కాదు. వెట్టి వద్దన్నారు, తమను మనుషులుగా పిలవమన్నారు. బయట పోరాటంతో సాధించుకున్న ఆ పిలుపు బడిలో రోజూ హాజరు వేళ వినిపించింది. అయినా అదే సారుకు ఊళ్లో కిరాయి ఇల్లు దొరకడం కష్టమైంది. 'మీరేమిట్లు సారూ?' అన్న ప్రశ్నను తెలంగాణలో పనిచేసిన దళిత ఉపాధ్యాయుడు ఎవరూ తప్పించుకోలేదు. అటువంటి సారు వెనక బెంచీ పిల్లవాణ్ని ముందు బెంచీకి పిలిచినప్పుడు అందులో దయ లేదు. తనను తాను గుర్తుపట్టడం ఉంది.

ఇప్పుడు మళ్లీ సమ్మేళనాల దగ్గరికి వద్దాం. ఆహ్వానం ఎవరికి అందుతున్నది? సాధారణంగా 'ఫలానా సంవత్సరం పదో తరగతి బ్యాచ్' అని పిలుస్తారు. అంటే పది దాకా నిలబడినవారికే పిలుపు. నిర్వాహకులకు ఒక విన్నపం. మీ బ్యాచ్ ఆరో తరగతి హాజరుపట్టీని, పదో తరగతి హాల్‌టికెట్ల జాబితాను పక్కపక్కన పెట్టండి. మధ్యలో జారిపోయిన పేర్లు ఎవరివో చూడండి. ఒకరు జీతానికి వెళ్లి ఉంటారు, ఒకరు మగ్గం పనికి భివండి, సూరత్ వెళ్లి ఉంటారు, ఒకరు గల్ఫ్ విమానం ఎక్కి ఉంటారు, మరొకరు బొగ్గు బావిలో దిగి ఉంటారు. వారూ మీ సహాధ్యాయులే. వారికీ ఆ సార్ల యాది ఉంది. బహుశా మీకంటే పదునుగా ఉంది. ఆ యాది వినకుండా జరిగే సమ్మేళనం గెలిచినవారి సభ అవుతుంది.

ఇక ఆ జాబితాల్లో అసలే లేనివారు ఆడపిల్లలు. 2011 జనాభా లెక్కల నాటికి కూడా ఉమ్మడి ఆదిలాబాద్‌లో పురుషుల్లో సుమారు 71 శాతం మంది అక్షరాస్యులైతే స్త్రీలలో 51 శాతమే. ఉమ్మడి కరీంనగర్‌లో ఈ అంకెలు 74, 55. 'బాలుర పాఠశాల' అన్న బోర్డు వెనుక ఎవరి చెల్లెలు ఇంట్లో బీడీలు చుట్టి అన్న ఫీజు కట్టిందో కూడా మన స్మృతి సంచికల్లో రావాలి.

మరో సంగతి నేటి బడి. శాలువా కప్పే శిష్యుల్లో ఎక్కువ మంది పిల్లలు ప్రైవేటు బడుల్లో చదువుతున్నారు. నాటి కిక్కిరిసిన గదుల్లో నేడు కూర్చుంటున్నది ఎక్కువగా దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల, పేద ముస్లింల బిడ్డలు. మధ్యతరగతి వెళ్లిపోయిన బడి గురించి ప్రశ్నించే గొంతు కూడా దానితోపాటే వెళ్లిపోయింది. పిల్లలు తగ్గారని టీచర్లను తగ్గించడం, టీచర్లు లేరని పిల్లలు తగ్గడం ఒక విషవలయంగా సాగుతున్నది. రాష్ట్ర ప్రభుత్వ కులసర్వే 2025 ఫిబ్రవరిలో వెల్లడించిన లెక్కల ప్రకారం ముస్లిం బీసీలతో కలిపి వెనుకబడిన తరగతులు 56.33 శాతం, ఎస్సీలు 17.43 శాతం, ఎస్టీలు 10.45 శాతం. సర్కారు బడి ప్రశ్న నూటికి ఎనభై మందికి పైగా ఉన్నవారి ప్రశ్న. దాన్ని 'పేదల బడి' అని పక్కకు తోసే హక్కు ఎవరికీ లేదు.

సార్ల రుణం తీర్చుకోవాలన్న ఆరాటం నిజమైతే చేయదగిన పనులు కళ్ల ముందే ఉన్నాయి. బీరువాల్లో చెదలు తింటున్న పాత దాఖలా రిజిస్టర్లను కాపాడి భద్రపరచాలి. ఊరి కులవృత్తులు, వలసలు, చదువు మానిన కారణాలు వాటిలో ఉన్నంత వివరంగా మరే గ్రంథంలోనూ లేవు. స్మృతి సంచికల్లో వెనక బెంచీల యాదిని కూడా, అది చేదుగా ఉన్నా సరే, అచ్చువేయాలి. దాతల పేర్లు గదులకు పెడుతున్నప్పుడు ఆ బడిలో పనిచేసిన తొలి దళిత, ఆదివాసీ, మహిళా ఉపాధ్యాయుల పేర్లు కూడా గోడమీద ఉండాలి. గోండి, కొలామి మాట్లాడే పిల్లలున్న బడుల్లో ఆ భాషలు వచ్చిన టీచర్లను నియమించాలని పూర్వ విద్యార్థుల సంఘాలు అడగాలి. ఖాళీ పోస్టుల మీద అధికారులకు వినతిపత్రం ఇచ్చేటప్పుడు కూడా సన్మాన సభకు వచ్చినంత మంది రావాలి.

మనలో ఎందరికో ఒక సారు తలుపు తెరిచాడు. ఎందరికో మరొక సారు అదే తలుపు మూశాడు. రెండింటినీ ఒకే వేదిక మీద చెప్పుకోగలిగిన రోజున ఆ బడి నిజంగా అందరిదీ అవుతుంది. తలుపు తెరిచిన సారు బతికి ఉంటే శాలువా కంటే ముందు అడిగే ప్రశ్న ఒకటే: ఇవాళ ఆ తరగతిలో హాజరు పలకని పిల్లవాడు ఎవరు, వాడి ఇంటికి ఎవరు వెళ్లారు?